పులి చచ్చిన జెండా

ఆగండి. స్క్రోల్ చేసేయకండి, ఒక్క నిమిషం ఆగి వినండి. మీరు ఈ రెండు రోజుల్లో అరకు వెళ్ళుంటే రోడ్డు పొడుగునా స్తంభాలకి కట్టిన ఆకుపచ్చ జెండాలు చూసే ఉంటారు. మధ్యలో పులి పడి ఉంటుంది. దాని మెడలో బాణం. దాని మీద కాలు పెట్టి ఒక మనిషి, తలకి ఈకలు. మీలో చాలామంది దాని కింద నిలబడి సెల్ఫీలు దిగి పెట్టారు, నేను చూశాను, చూసిన ప్రతిసారీ ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆ జెండా గీసింది మేమే. ఆ బాణం మాత్రం మాది కాదు.

మొదట్నుంచీ చెప్తాను, లేకపోతే అర్థం కాదు.

నా పేరు ప్రసన్న, మాది వైజాగ్. చిన్నప్పుడు మా వీధిలో పిల్లలందరూ క్రికెటర్ల కార్డులు దాచుకుంటే నేను జెండాలు దాచుకునేదాన్ని. అట్లాసు వెనక పేజీలో అన్ని దేశాల జెండాలూ ఉంటాయి కదా, వాటిని కత్తిరించి పుస్తకంలో అంటించి, నాన్నతో తిట్లు తిని, మళ్ళీ కత్తిరించి. నేపాల్ జెండాకి ఒక్కదానికే నాలుగు మూలలు ఉండవు ఎందుకు, భూటాన్ డ్రాగన్ గోళ్ళలో ఆ రత్నాలేంటి, శ్రీలంక సింహం కత్తి ఎందుకు పట్టుకుంది, ఇవన్నీ నాకు నోటికి వచ్చు. ఎవరూ అడక్కపోయినా చెప్తాను. జెండా మీద ఏదీ ఊరికే ఉండదు, రంగు కూడా ఊరికే ఉండదు, అదీ నా పిచ్చి. డిజైన్ కోర్సులో చేరాక ఇంట్లోవాళ్ళు దాన్ని పిచ్చి అనడం మానేసి చదువు అన్నారు, అంతే తేడా.

హాస్టల్లో నా రూమ్మేట్ స్వర్ణ. టూరిజం కోర్సు. అరకు నుంచి పాడేరు వెళ్ళే రోడ్డులో పనసగుడ అని చిన్న ఊరు, అదీ వాళ్ళది. పూర్తి పేరు కిల్లో స్వర్ణ. ఇంగ్లీషు క్లాసు మా అందరికీ కలిపే ఉండేది, అటెండెన్సులో తన పేరు రాగానే వెనక బెంచీ నుంచి ఒకడు "ఎన్ని కిలోలు?" అనేవాడు, ఇంకొకడు "అరకిలో చాలు" అనేవాడు. కొన్నాళ్ళు ఊరుకుంది. ఒకరోజు వెనక్కి తిరిగి, చాలా మామూలుగా, "కిల్లో అంటే పులిరా. నీ ఇంటిపేరుకి అర్థం ఏటో మీ అమ్మని అడిగి రేపు సెప్పు, అప్పుడు మాటాడదాం" అంది. వాడు ఇప్పటికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం నేను వదల్లేదు. పులి అంటే ఏంటి, ఎందుకు, చెప్పు అని ప్రాణం తీశాను.

"ఏటి లేదే. మా కాడ అందరికీ ఒక గుర్తు ఉంటాది. కొర్రావోళ్ళది సూర్యుడు. పంగివోళ్ళది గద్ద. వంతలవోళ్ళది పాము. గొల్లోరివోళ్ళది కోతి. మాది పులి. ఒకే గుర్తువోళ్ళు అన్నాసెల్లెళ్ళు, పెళ్ళి కుదరదు."

"మరి పులి?"

"పులిని కూడా అన్న అనే అంటాం. అసలు ముందు పుట్టిందే ఆడు కదా, మేం తర్వాతోళ్ళం."

నేను మంచం మీద నుంచి లేచి నిలబడిపోయాను. యూరప్‌లో రాజుల కుటుంబాలు డాలు మీద సింహమో గద్దో వేసుకుని దాన్ని కోట్ ఆఫ్ ఆర్మ్స్ అని మ్యూజియంలో పెట్టి టికెట్టు వసూలు చేస్తారు. ఇక్కడ నా పక్క మంచం మీద దువ్వెన పట్టుకున్న అమ్మాయికి అదే ఉంది, వాళ్ళ ఊళ్ళో రాగులు దంచుకునే ముసలమ్మకి కూడా ఉంది, టికెట్టు లేకుండా. నా ఇంటిపేరు ఒక ఊరి పేరు. ఆ ఊరు నేనెప్పుడూ చూడలేదు.

"మీకు జెండా లేదా?" అన్నాను.

"ఇంటిపేరు ఉండగా జెండా ఎందుకే" అంది, జడ వేసుకుంటూ.

ఫైనల్ ఇయర్ అయిపోతుండగా ఆ ప్రకటన వచ్చింది. అరకులో లోయ ఉత్సవం జరపడానికి ఒక కమిటీ ఏర్పడింది. హోటళ్ళవాళ్ళు, రిసార్టులవాళ్ళు, కాంట్రాక్టర్లు. లోయకంటూ ఒక జెండా, ఒక చిహ్నం కావాలి, ఉత్సవం అయిపోయినా అవి శాశ్వతంగా ఉంటాయి, డిజైన్లు పంపండి అని. నేను అరిచిన అరుపుకి వార్డెన్ వచ్చింది. కానీ స్వర్ణ చూసింది దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్నది. గెలిచినవాళ్ళలో స్థానికులుంటే కొత్త సందర్శకుల కేంద్రంలో గైడుగా తీసుకుంటాం అని.

స్వర్ణ టూరిజం చదివిందే అందుకు. ఒకసారి వాళ్ళ ఇంటి ముందే నిలబడి కింద మైదానం నుంచి వచ్చిన గైడు ఒకడు, "వీళ్ళు మొన్నమొన్నటిదాకా ఆకులు కట్టుకునేవాళ్ళు" అని టూరిస్టులకి చెప్పాడట. వాళ్ళ కనక అత్త అక్కడే నైటీ వేసుకుని అంట్లు తోముతోంది, పక్కన ఫోన్‌లో సీరియల్. టూరిస్టులు ఆమెని కూడా ఫోటో తీశారు. "ఆ నోరు మూయించాలంటే అరిసి లాభం లేదే. ఆ మైకు నా సేతిలో ఉండాల" అనేది స్వర్ణ. తనకి కావాల్సింది ఒక్కటే, తన ఊరి గురించి తను చెప్పడం. అది గుర్తుపెట్టుకోండి. మిగతాదంతా దాని గురించే.

జెండా పనసగుడలోనే గీశాం. వాళ్ళ ఇంటి అరుగు మీద ల్యాప్‌టాప్, వాకిట్లో ఎండబెట్టిన కాఫీ గింజలు, ఊళ్ళో సగం మంది నా భుజం మీద నుంచి తొంగిచూడటం. స్వర్ణ వాళ్ళ నాన్న సోంబరు గింజలు తిరగేస్తూ మధ్యమధ్యలో వచ్చి చూసేవాడు. పక్కింటి పంగి సుక్రు అయితే కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు.

"మా గద్ద అంత సిన్నగా ఉందేటి? మీ పులేమో బర్రెంత ఉంది."

"గద్ద ఎత్తుగా ఎగిరితే సిన్నగానే కనబడతాది మావా" అంది స్వర్ణ. "పెద్దగా కావాలంటే కిందకి దింపుతాను, కోడిపిల్లని పట్టుకున్నట్టు ఉంటాది."

"ఒద్దులే. పైనే ఉండనీ."

ఆకుపచ్చ కొండ, పైన కొర్రావాళ్ళ ఎర్ర సూర్యుడు, సూర్యుడి పక్కన పంగివాళ్ళ గద్ద, కింద గెడ్డ, అంటే కొండవాగు, పారుతున్నట్టు మెలికలు తిరిగిన వంతలవాళ్ళ పాము, మూల కాఫీ కొమ్మ పట్టుకుని గొల్లోరివాళ్ళ కోతి. మధ్యలో పులి. నేను మొదట పులిని దూకుతున్నట్టు గీశాను, పంజా ఎత్తి, పళ్ళు బయటపెట్టి, డాళ్ళ మీద సింహాలు ఎప్పుడూ అలాగే ఉంటాయి కదా. కనక అత్త చీపురు పక్కన పెట్టి వచ్చి చూసింది. సోంబరు బాబాయికి అక్క ఆమె, భర్త పోయాక తమ్ముడింటికి వచ్చేసింది, పుట్టింటి పేరు కిల్లోనే.

"ఎవుల మీదకి దూకుతున్నాడు?"

"ఎవరి మీదకీ కాదత్తా, ఊరికే, ధైర్యానికి."

"ఊరికే ఎవుడు దూకుతాడు? ఆకలేస్తే దూకుతాడు. కూసోబెట్టు. కూసున్నోడు కడుపు నిండినోడు. దారిన పోయేవోళ్ళని పోనిత్తాడు. కొత్తోళ్ళు వస్తారు కదా, భయపడకుండా రావాల."

కూర్చోబెట్టాను. అంతే, జెండా దొరికిపోయింది. అంత ప్రశాంతమైన పులి నాకు ఏ దేశం జెండా మీదా తెలీదు. ఇంటికొచ్చినవాళ్ళని చూస్తున్న పెద్దన్నలా ఉంది.

గెలిచాం. కమిటీ కార్యదర్శి దేవీప్రసాద్ గారే ఫోన్ చేశారు. ఆయనకి లోయలో రిసార్టు ఉంది, సొంతూరు కింద ఎక్కడో. చాలా మంచిగా మాట్లాడతారు, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటారు, ఎదిరించడానికి అదే పెద్ద కష్టం. స్వర్ణకి గైడు ఉద్యోగం ఖాయం అన్నారు. ఉత్సవం రోజు ఊరేగింపు ముందు జెండా పట్టుకుని తనే నడవాలి, తర్వాత స్టేజీ మీద జెండాలో ఏది ఏంటో అతిథులకి తనే చెప్పాలి, ఆ రోజు నుంచే డ్యూటీ అన్నారు. మైకు తన చేతిలోకి వచ్చేసింది. స్వర్ణ ఫోన్ పెట్టేసి బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది, నేను బయట నిలబడి ఏడ్చాను.

ఉత్సవానికి ముందు రోజు మధ్యాహ్నం సందర్శకుల కేంద్రానికి వెళ్ళాం. జెండాల మూటలు వచ్చి ఉన్నాయి. ఒకటి నేనే విప్పాను.

పులి పక్కకి ఒరిగి ఉంది. మెడలో బాణం. ఎర్రగా కారుతోంది కూడా, ఆ ఎరుపు మేము సూర్యుడికి పెట్టిన ఎరుపే, అదే షేడు. పులి మీద కాలు పెట్టిన మనిషి. తలకి ఈకల కిరీటం, మన కొండల్లో ఎవరూ పెట్టుకోనిది, నెట్‌లో ట్రైబల్ అని కొడితే మొదట వచ్చే అమెరికా బొమ్మ. కోతి లేదు. పాము లేదు. పాము ఉన్న చోట రిసార్టు ఈతకొలనులా నీలం గీత ఒకటి. కింద మూలలో చిన్నగా మా ఇద్దరి పేర్లు.

స్వర్ణ ఆ బాణాన్ని గోటితో గీకి చూసింది. నేనే అన్నాను.

"సార్, ఇదేంటి?"

"ఏంటంటావేంటమ్మా, మీ జెండానే" అన్నారు దేవీప్రసాద్ గారు.

"బాణం ఎక్కడిది?"

"ఓ, అదా. మీ పులి మరీ పిల్లిలా కూర్చుని ఉందమ్మా. పాల ప్యాకెట్ మీద బొమ్మలా ఉందని ప్రింటింగ్ ఆయన కూడా అన్నాడు. జెండా అన్నాక వీరత్వం ఉండాలి. గిరిజనుడంటే విల్లు, బాణం, వేట. చూడగానే రక్తం పొంగాలి."

"పొంగింది సార్" అంది స్వర్ణ.

ఆయన నవ్వారు. మెచ్చుకుంది అనుకున్నారు.

"సార్, కిల్లో అంటే పులి. అక్కడ పడున్నది మా అన్న. నేను దాన్ని పట్టుకుని నడవలేను."

"భలే సెంటిమెంట్ తల్లీ నీది. నా పేరులో ప్రసాదం ఉందని నన్ను గుళ్ళో పంచిపెడతారా? అయినా మీ వేట పండగ ఉంది కదా, ఇటుకల పండగ, దానికి మీరు వేటకెళ్ళరా?"

"ఎల్తారు. కుందేలుకి, అడివిపందికి ఎల్తారు. పులికి కాదు. పులి ఎదురొస్తే దండం పెట్టి దారి ఇత్తాం."

"అది మీ ఊళ్ళో అమ్మా. వచ్చేవాళ్ళకి అదంతా ఏం తెలుస్తుంది?"

"తెలీదనే కదా సార్ నన్ను పెట్టింది."

నేను మధ్యలో దూరాను. శ్రీలంక జెండా మీద సింహాన్ని చంపి గీయమనండి ఎవరినైనా, చూద్దాం, అన్నాను. కోపం వస్తే నాకు ఏడుపొస్తుంది, దాన్ని చూసి అందరూ జాలి పడతారు, అది ఇంకా మంట.

"అది దేశం తల్లీ. ఇది ఉత్సవం" అన్నారు ఆయన. "ఇప్పుడు మార్చడం అయ్యే పని కాదు, ఘాట్ రోడ్డంతా కట్టేశారు. సింబల్ అంతే కదా. చిన్నపిల్లలు, మీరే అర్థం చేసుకోవాలి. స్వర్ణా, రేపు త్వరగా రా. నువ్వు పట్టుకోనంటే పట్టుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ నాకు నువ్వే రావాలని ఉంది."

సింబల్ అంతే కదా. ఈ మాట నేను చచ్చేదాకా మర్చిపోను. సింబల్ అంతే అయితే బాణం ఎందుకు పెట్టారు? ఊరికే ఉండనివ్వొచ్చు కదా. చంపేటప్పుడేమో వీరత్వం, అడిగితే సింబల్ అంతే.

జీపులో పనసగుడ వచ్చేసరికి ఊరి మొదట్లో నిచ్చెన వేసి ఉంది. కమిటీ మనిషి స్తంభానికి జెండా కట్టి దిగుతున్నాడు. కనక అత్త కింద నిలబడి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది. మేము దిగి పక్కన నిలబడ్డాం. చాలాసేపు చూసింది.

"ఎవులు సంపేరు?" అంది.

నిచ్చెన మనిషి "బొమ్మ కదమ్మా" అన్నాడు.

"బొమ్మని తెలుసు. ఎవులు సంపేరని అడిగేను."

అతను నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అత్త ఇంట్లోకి వెళ్ళింది. మేము గుమ్మం దాకా వచ్చేసరికి నీళ్ళకుండ బయటికి తెస్తోంది.

పనసగుడలో పులి చచ్చిందని కబురు తెలిస్తే కిల్లోవాళ్ళు మనింట్లో మనిషి పోతే చేసినట్టే చేస్తారు. ఇంట్లో మట్టికుండలు బయటికి తెచ్చి పగలగొడతారు, గెడ్డలో తలస్నానం చేస్తారు, ఆ పూట పొయ్యి వెలిగించరు. మిగతా గుర్తులవాళ్ళు పలకరించడానికి వస్తారు. మైల తీరేదాకా డప్పు మోగదు, థింసా ఆట ఉండదు. స్వర్ణ పుట్టాక ఒక్కసారే జరిగిందట, అడవిలో ఎక్కడో నిజం పులి ఉచ్చులో పడినప్పుడు.

"అక్కా, బొమ్మకి కూడానా?" అన్నాడు సోంబరు బాబాయ్. "అయినా ఇప్పుడు కుండలెక్కడియి, అన్నీ స్టీలేనే. కుక్కరు పగలగొట్టమంటావేటి?"

"కుక్కరు నువ్వు ఉంచుకో. నా కుండ నేను పగలగొడతాను. నీకు అన్న కాడేటి ఆడు?"

బాబాయ్ నవ్వబోయి ఆగిపోయాడు. లోపలికి వెళ్ళి, అటక మీద నుంచి వాడని కల్లుకుండ ఒకటి దింపుకొచ్చాడు. దుమ్ము చేత్తో తుడిచాడు, పగలగొట్టబోయేదాన్ని. అత్త పగలగొట్టింది, ఆయన పగలగొట్టాడు, ఎదురింటివాళ్ళు, వెనకింటివాళ్ళు. ఎవరూ అరవలేదు, నినాదం లేదు, ఇది ధర్నా కాదు. కుండ పగిలిన చప్పుడు, ఆ తర్వాత ఆడవాళ్ళు గెడ్డ వైపు నడవడం. సాయంత్రానికి సుక్రు వాళ్ళింటి నుంచి అన్నం, సామలు వండుకుని తెచ్చాడు. వాకిట్లో కూర్చుని, జోకు వేయకుండా, "ఎలగ పోనాడు?" అని అడిగాడు. మామూలుగా చావింటికి వచ్చినవాడు అడిగేలాగే. "బాణం" అంది అత్త. "ఎవులో సెప్పరు."

పలకరింపుల్లో కబురు పక్క ఊళ్ళకి పోయింది. ఉత్సవంలో ఆడాల్సిన థింసా దళాలు ఆ ఊళ్ళవాళ్ళే. ఎవరూ రామని చెప్పలేదు. చావు ఉంది అన్నారు, అంతే.

ఉత్సవం రోజు. దేవీప్రసాద్ గారు ఆగలేదు. కింద ఏదో డాన్సు స్కూలు నుంచి బస్సులో అమ్మాయిల్ని తెప్పించారు. ముడుల్లో ప్లాస్టిక్ పువ్వులు, అద్దె చీరలు మోకాళ్ళ పైకి ఎత్తి పిన్నులు పెట్టారు, మోరి సన్నాయి బదులు స్పీకర్లో పాట. బొంగులో చికెన్ కొట్ల దగ్గర జనం. ఎక్కడ చూసినా పులి, చచ్చిన పులి, గాలికి ఊగుతూ. ఒక చంటిపిల్లాడు వాళ్ళమ్మని "టైగర్ ఎందుకు పడుకుంది" అని అడుగుతున్నాడు.

స్వర్ణ వస్తుందని నేననుకోలేదు. వచ్చింది. తల ఇంకా తడిగా ఉంది, జడ వేసుకోలేదు, చేతిలో అత్త కుండ పెంకు ఒకటి ఉంది. జెండా కర్ర అందించబోతే తీసుకోలేదు, తిన్నగా స్టేజీ మీదకి వెళ్ళింది. యాంకర్, "ఇప్పుడు మన జెండాలోని అర్థాలు వివరించడానికి మన గిరిజన పుత్రిక" అని ఇంకా ఏదో అంటుండగానే మైకు తీసుకుంది. మెల్లగా మాట్లాడింది. ఇంటి దగ్గర మాట్లాడినట్టే.

"ఆకుపచ్చ మా కొండ. పైన ఎర్రగా ఉన్నాడే, ఆయన కొర్రావోళ్ళ సూర్యుడు. ఆ గద్ద పంగివోళ్ళది. ఇక్కడ పాము ఉండాల, కోతి ఉండాల, ఆళ్ళని తీసీసేరు. మధ్యలో పడున్నోడు మా అన్న. నిన్న పోనాడు. మా ఇంట్లో పొయ్యి ఎలగలేదు. ఈ పెంకు మా అత్త నీళ్ళకుండ. సంపినోళ్ళు ఇక్కడే ఉన్నారు. మా ఇంటికి రండి. తిట్టం, కొట్టం. కూసోండి, ఎందుకు సంపేరో మా అత్తకి సెప్పండి. ఆవిడ రాత్రి నుంచి అదే అడుగుతోంది."

పెంకు జెండా కింద పెట్టింది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది, జవాబు కోసం.

చికెన్ కొట్ల దగ్గరవాళ్ళు కూడా ఇటు తిరిగారు. అర్థమైంది వాళ్ళకి అనుకున్నాను, నిజంగా అనుకున్నాను.

చప్పట్లు కొట్టారు.

ముందు వరసలో ముఖ్య అతిథి లేచి నిలబడి కొట్టాడు, వెనకాల అందరూ లేచారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ వీడియో తీస్తోంది. "వాట్ ఎ పెర్ఫార్మెన్స్" అన్నాడొకడు నా పక్కనే. నేను "ఆపండి, చప్పట్లు ఆపండి" అని అరిచాను. మైకు నా దగ్గర లేదు, నా అరుపు కూడా ఈలల్లో కలిసిపోయింది. స్వర్ణ అక్కడే నిలబడి వాళ్ళని చూస్తోంది. అదే తను అడిగిన మైకు. అదే తన చేతిలో ఉంది. చెప్పాల్సింది చెప్పింది, ఒక్క ముక్క తప్పు లేకుండా చెప్పింది. అందరూ విన్నారు. ఒక్కడికీ వినపడలేదు.

స్టేజీ వెనక టీ ఇచ్చారు. దేవీప్రసాద్ గారు పొంగిపోతున్నారు, నిన్నటి గొడవ ఊసే లేదు.

"నువ్వు ఇంత చేస్తావనుకోలేదు తల్లీ. ముఖ్య అతిథి గారు ఏమన్నారో తెలుసా? ఇది వారం వారం ఉండాలన్నారు. ప్రతి శనివారం సాయంత్రం, సూర్యాస్తమయం టైంకి. మీ అత్త, మీ నాన్న, ఊళ్ళోవాళ్ళంతా వస్తారు. కుండలు మేమే తెప్పిస్తాం. పగలగొట్టడం, గెడ్డకి నడవడం, నువ్వు మాట్లాడటం. ఉద్యోగం నీదే, గైడు కాదు, కార్యక్రమానికి ఇన్‌ఛార్జి."

స్వర్ణ టీ తాగలేదు. "బాణం?" అంది.

ఆయన టీ కప్పు కింద పెట్టారు. తర్వాత నవ్వారు. "నీకు అంత పట్టింపు అయితే సరే. షో ఒప్పుకో, జెండాలన్నీ దింపించేస్తాను. మీ పిల్లి పులినే మళ్ళీ వేయిస్తాను, పాము, కోతి, అన్నీ. మాటిస్తున్నాను. ఒప్పుకోకపోతే ఇవే ఉంటాయి, ఏళ్ళ తరబడి. ఆలోచించుకుని రేపు చెప్పు."

"సావు వారం వారం రాదు సార్" అంది స్వర్ణ.

"అందుకే కదమ్మా షో అంటున్నాం."

ఇంటికొచ్చాక వాకిట్లో మాట్లాడుకున్నారు. నేను వింటూ కూర్చున్నాను. సోంబరు బాబాయ్ ఒప్పుకోమన్నాడు. "కుండలు ఆళ్ళవి. మనవి కాదు. నాలుగు కుండలు పగలగొడితే అన్న మెడలో బాణం ఊడొస్తాదంటే పగలగొడదాం. ఆ రోడ్డున పోతూ ఎన్నేళ్ళు తల దించుకోమంటావు?" అన్నాడు. అందులో తప్పు ఏముంది, చెప్పండి. కనక అత్త ఒప్పుకోలేదు. "రేపు నిజంగా ఒకడు పోతే ఏటి పగలగొడతావురా? ఆళ్ళిచ్చిన కుండేనా? అప్పుడు ఏడిస్తే నమ్మేదెవుడు? నేనే నమ్మను" అంది. అందులో మాత్రం తప్పు ఏముంది?

ఎంతసేపు విన్నా నాకు కోపం తగ్గలేదు, ఇప్పటికీ తగ్గలేదు. బాణం వేసినవాడు హాయిగా టీ తాగి ఇంటికెళ్ళాడు. వాణ్ణి ఎవరూ ఏదీ నిర్ణయించుకోమనలేదు. చచ్చినవాడి చెల్లెలే కూర్చుని ఆలోచించాలట, అన్నని రోడ్డు మీద వదిలేయాలా, అన్న చావుని శనివారం శనివారం ఆడాలా అని. ఇది ఎక్కడి న్యాయం, ఈ ప్రశ్న అసలు తనది ఎలా అయింది? జెండా గురించి నాకు అంతా తెలుసు అనుకున్నాను. ఏ రంగు ఎందుకో, ఏ జంతువు ఎటు తిరగాలో. ఆ గుడ్డ మీద గీత గీసే హక్కు ఎవరి చేతిలో ఉంటుందో అది ఏ అట్లాసులోనూ లేదు.

ఇదంతా ఇప్పుడు పనసగుడ అరుగు మీద కూర్చునే టైపు చేస్తున్నాను. తెల్లారింది. స్తంభం మీద జెండా ఇక్కడికి కనబడుతోంది, మంచుకి తడిసి బరువెక్కి వేలాడుతోంది. అత్త దాని వైపు చూడకుండా వాకిలి ఊడుస్తోంది, పెంకుల్ని మాత్రం ఊడవడం లేదు, వాటి చుట్టూ ఊడుస్తోంది. స్వర్ణ నా పక్కన ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇందాక మోగింది, దేవీప్రసాద్ సార్ అని వచ్చింది, ఎత్తలేదు. మళ్ళీ మోగుతుంది.

"ఎప్పుడూ వాగుతావు కదే" అంది నాతో, "సెప్పు, నువ్వైతే ఏటి సేత్తావు?"

ఆ ప్రశ్న మీ కోసం ఇక్కడ టైపు చేస్తున్నాను. ఆ పులి నా అన్న కాదు, ఆ కుండ మా ఇంటిది కాదు. కానీ ఆ జెండా కింద సెల్ఫీ దిగింది మీరు, చప్పట్లు కొట్టింది మీరు. వచ్చే శనివారం టికెట్టు కొనేదీ మీరే.

ఫోన్ మోగుతోంది. చెప్పండి, తన చోట మీరుంటే ఏం చేస్తారు?